మార్షల్ దిగుబడి ఇరవై బస్తాలు

తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 2.

చిరంజీవి ఫణీంద్రకి మీ బావ వీర్రాజు ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. ఆకివీడులో మీరూ, మీ రొయ్యలూ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, మనిద్దరం క్రికెట్ మాట ఎత్తితే మీ అక్క రమణి ఫోన్ లాక్కుంటోంది. కిందటిసారి గంటా నలభై నిమిషాలు మాట్లాడామట. పొయ్యి మీద పాలు మాడిపోయాయి.

విషయానికి వస్తాను. క్లబ్బు గదికి సున్నం వేయించి, గోడ మీద టెస్టు క్రికెట్లో గొప్ప ఫాస్ట్ బౌలర్ల పట్టిక రాయించాను. గ్రౌండుకి ఎకరం ఇచ్చానని నన్ను అధ్యక్షుణ్ణి చేశారు గానీ, నాకు తెలిసిన ఆట రేడియోలో విన్నదే కదా. అందుకని డ్రిల్లు మాష్టారు తోమా గారిని అడిగితే, ఒక్కొక్కరి సగటూ కంప్యూటర్లోంచి తీసిచ్చారు. వరసలో నేను పేర్చాను. జహీర్ ఖాన్ 32.94. బ్రెట్ లీ 30.81. శ్రీనాథ్ 30.49. కపిల్ దేవ్ 29.64. అలా దిగుతూ దిగుతూ వెస్టిండీస్ వాళ్ళు గార్నర్ 20.97, మార్షల్ 20.94. అందరికంటే కింద పాతకాలం ఇంగ్లండ్ ఆయన బార్న్స్, 16.43. మొదటి నలుగురిలో ముగ్గురు మనవాళ్ళే. కడుపు నిండింది.

ఇంకో సంగతి. ఈ నెల 19, ఆదివారం నాడు మా అమ్మాయిల జట్టులోంచి ఒక్క ఫాస్ట్ బౌలర్ని ఎంపిక చేసి, ఏలూరులో నెల రోజుల శిక్షణ శిబిరానికి పంపాలి. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మీ సింధూరి కూడా పోటీలో ఉంది. మేనకోడలని మొగ్గు చూపించానన్న మాట రాకుండా, అంకెలు చూసే ఎంపిక చేస్తాను.

ఇట్లు,
మీ బావ వీర్రాజు.

తా.క.: పెయింటర్ మార్షల్ పేరులో ఒక అక్షరం మింగేశాడు. కిందున్నవాడే కదా అని ఊరుకున్నాను.

•

ఆకివీడు,
ఏప్రిల్ 6.

బావగారికి ఫణీంద్ర నమస్కారాలు. అక్కని అడిగానని చెప్పండి.

మీ పట్టిక చదివాక రెండు పూటలు అన్నం సయించలేదండి. నలభై ఏళ్ళుగా మార్షల్ గొప్ప అని నేనూ, కపిల్ గొప్ప అని మీరూ అనుకుంటూనే ఉన్నాం. అది అభిప్రాయ భేదం. ఇప్పుడు మీరు గోడ మొత్తాన్నే తలకిందులు చేశారు.

ఆ పట్టికని కింది నుంచి పైకి చదవాలండి. మా రొయ్యల కౌంటు లాగే. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. వంద కౌంటు చూపిస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అంకె చిన్నదైతే సరుకు పెద్దదన్నమాట. ఇంతకంటే విడమర్చి చెబితే మీకే నామోషీ.

బార్న్స్ సంగతి వేరు. ఆయన ఆడింది 1914 వరకే. వాన పడితే పిచ్ మీద పట్టా కప్పని రోజులు. ఆ అంకెల్ని ఇప్పటివాటితో కలపకూడదు. కాలం వేరని ఆయన్ని పక్కన పెడితే మిగతావాళ్ళలో మార్షలే పైన.

సింధూరి గురించి నేనేమీ అడగను. గొప్పవాళ్ళకి ఏ కొలత పెట్టారో మా పిల్లకీ అదే పెట్టండి. అంగుళం కూడా సాయం చెయ్యొద్దు.

మీ బావమరిది,
ఫణీంద్ర.

తా.క.: ఆ గోడ ఫొటో పంపకండి. డాక్టరు గారు బీపీ జాగ్రత్త అన్నారు.

•

తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 9.

ఫణీంద్రకి ఆశీస్సులు.

నీ కౌంటు లెక్క నేనూ మీ అక్కా కూర్చుని వేశాం. గార్నర్ 20.97, మార్షల్ 20.94. అంటే ఇద్దరూ ఒకే సైజన్నమాట. గార్నర్ ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. మార్షల్ ఆరడుగులకి అంగుళం తక్కువ. వాళ్ళిద్దర్నీ ఒకే కౌంటులో పోస్తే మీ ఆకివీడులో ఎవరు కొంటారయ్యా?

సగటు అంటే దిగుబడి. ఎకరాకి ముప్పై రెండు బస్తాలు తెచ్చిన జహీర్ పైన ఉంటాడా, ఇరవై బస్తాల మార్షల్ ఉంటాడా? బార్న్స్ విషయంలో మాత్రం నీతో ఏకీభవిస్తాను. కాలం వేరు. 1914లో మా తాతగారికీ ఎకరాకి పదహారు బస్తాలే. స్వర్ణ విత్తనం లేదు, యూరియా లేదు. ఆయన్ని ఏమీ అనను. మార్షల్‌కి ఏమొచ్చింది? అప్పటికి అన్నీ దొరుకుతున్నాయిగా.

నువ్వన్నట్టే పిల్లలకీ అదే కొలత పెట్టాను. శ్రావ్య 24.60. అఖిల 17.40. సింధూరి 9.80. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, మన పిల్ల ఆఖరున ఉంది. ఆదివారం శ్రావ్య పేరు రాయక తప్పేలా లేదు. నువ్వే సాయం వద్దన్నావు.

ఆశీస్సులతో,
బావ.

తా.క.: తొమ్మిది బస్తాలేమిటి, చీడ పట్టిందేమో చూడండి అంటోంది మీ అక్క.

•

ఆకివీడు,
ఏప్రిల్ 12.
(రిజిస్టర్ పోస్టు)

బావగారికి నమస్కారం.

అందలేదంటారేమోనని రిజిస్టర్ చేస్తున్నాను.

సగటు అంటే దిగుబడి కాదండి, ఖర్చు. ఒక్కో వికెట్ తియ్యడానికి బౌలర్ ఇచ్చుకున్న పరుగులు. జహీర్ ఒక వికెట్‌కి దగ్గర దగ్గర ముప్పై మూడు ఇచ్చాడు. మార్షల్ ఇరవై ఒకటి. మా సింధూరి పది కూడా ఇవ్వడం లేదు. మీరు పెట్టుబడిని ధాన్యం అనుకుని గాదెలో పోసుకుంటున్నారు. పొలంలో నిలబెట్టిన దిష్టిబొమ్మని ఇన్నేళ్ళు అధ్యక్షుడిగా కూర్చోబెట్టినా ఈపాటికి ఆ సంగతి తెలిసేదండి.

సాయం వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పిల్ల మూడేళ్ళుగా, సెలవులకి ఇంటికొచ్చినా సరే, తెల్లవారకుండానే లేచి చెరువు గట్టు మీద పరిగెత్తి బంతులు వేస్తోంది. మీ అమ్మాయి లేచాకే మా కోడి కూస్తోందండీ అని పక్క చెరువు పుష్పమ్మ గారు అంటున్నారు. శిబిరం పంతొమ్మిదేళ్ళ లోపువాళ్ళకే. వచ్చే ఏడాదికి దాని వయసు దాటిపోతుంది. ఇంకో అవకాశం లేదండి.

మీ
ఫణీంద్ర.

తా.క.: దిష్టిబొమ్మ అన్నందుకు ఏమీ అనుకోకండి. అనుకోవచ్చు గానీ రాయకుండా ఉండాల్సింది.

•

తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 20.

ఫణీంద్రకి ఆశీస్సులు.

నిన్న ఎంపిక అయింది. సింధూరినే పంపుతున్నాం.

శనివారం పొలంలో నడుస్తుంటే తట్టింది. బాగా పండే చేనుకి ఎరువెందుకు? ఇరవై నాలుగు తెస్తున్న శ్రావ్యకి శిబిరంలో కొత్తగా ఏం నేర్పుతారు? తొమ్మిది దగ్గర ఆగిపోయిన మన పిల్లకే కదా శిక్షణ కావలసింది. అందరికంటే వెనకబడిందని రాసి, దాని పేరు ఖాయం చేశాను.

నీ రిజిస్టర్ కవరు సంతకం పెట్టి తీసుకున్నాను. లావుగా ఉంది, తిట్లే అయ్యుంటాయని విప్పలేదు. 28న పేరు ఏలూరికి పంపాలి. ఆ ముందురోజు తీరిగ్గా చదువుతాను. సింధూరి నేననుకున్నంత వెనకబడి లేదని అందులో రుజువేమైనా ఉంటే, మిగతా పిల్లలకి అన్యాయం జరగకూడదు కనక పేరు మార్చేస్తాను.

ఆశీస్సులతో,
బావ.

తా.క.: కవరుకి ఆవిరి పట్టించి విప్పుదామా అంటోంది మీ అక్క. ఇప్పటికి వద్దన్నాను.

•

ఆకివీడు,
ఏప్రిల్ 22.
(స్పీడ్ పోస్టు)

పూజ్యులైన బావగారి పాదాలకి నమస్కారాలు.

ఆ కవరు దయచేసి విప్పకండి. మీరు ఊహించింది నిజమే, అందులో తిట్లు తప్ప ఏమీ లేవు. అక్కకి ఆవిరి పని చెప్పకండి.

తీరిగ్గా ఆలోచిస్తే మీ పట్టికే కరెక్టండి. సగటు అంటే దిగుబడే. ఇంతకాలం నేనే పొరబడ్డాను. మార్షల్ అట్టడుగున ఉండాల్సిన మనిషే. సింధూరి చాలా వెనకబడి ఉంది, ఎరువు గట్టిగా వెయ్యండి. ఈ మాటలు ఎవరి బలవంతమూ లేకుండా, స్పృహలో ఉండి, నా చేత్తో రాసి సంతకం పెడుతున్నాను.

మీ విధేయుడు,
ఫణీంద్ర.

తా.క.: మార్షల్ పేరు మొత్తం చెరిపేసినా నాకు అభ్యంతరం లేదండి.

•

తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 25.

ఫణీంద్రకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లామినేషన్ చేయించి క్లబ్బు గదిలో మేకు కొట్టి తగిలించాను. నలభై ఏళ్ళ వాదనలో మొదటిసారి గెలిచాను, అదీ నీ సంతకంతో.

రిజిస్టర్ కవరు 15న వచ్చింది. ఆ పూటే విప్పాను. చదివి, చొక్కా వేసుకుని తోమా మాష్టారింటికి వెళ్ళాను. మీ బావమరిది గారు రాసింది నిజమేనండి, ఎకరం ఇచ్చిన మనిషికి ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను అన్నారాయన. ఆదివారం నేను గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాష్టారూ, ఎరువుల కొట్టు శ్రీరంగనాయకులు గారూ ఇద్దరే ఎంపిక చేశారు. సింధూరి ఆరు ఓవర్లు వేసి, పదకొండు పరుగులిచ్చి, నాలుగు వికెట్లు తీసింది. ఇద్దరూ ఒకే పేరు రాశారు. సోమవారమే అది ఏలూరు చేరింది. దానికి నా మొగ్గూ అక్కర్లేదు, నీ సాయమూ అక్కర్లేదు.

చేను కథ అంటావా, అది దిష్టిబొమ్మ బాకీ. చెల్లయిపోయింది.

గోడ మీద పట్టిక కూడా సరిచేయించాను. కపిల్ని అంత కిందకి దింపేటప్పుడు నేను బయటికి వెళ్ళి నిలబడ్డాను.

ఆశీస్సులతో,
బావ.

తా.క.: నిన్న సింధూరి వచ్చి కొత్త పట్టిక పై నుంచి కింది దాకా చదివి, “ఇందులో ఝులన్ గోస్వామి ఏది మామయ్యా?” అంది. మన దేశం ఆడవాళ్ళ జట్టు ఫాస్ట్ బౌలరట, టెస్టుల్లో నలభై నాలుగు వికెట్లట, సగటు 17.36. తోమా మాష్టారు చూసి నిజమేనన్నారు. నీ లెక్కలోనే మార్షల్ కంటే పైన. బార్న్స్‌ని కాలం వేరని పక్కకి తోశావు. ఈవిడది మన కాలమే. పక్కనే నిలబడి పిల్ల జవాబు అడుగుతోంది. మీ నాన్నకి రాస్తున్నానమ్మా అన్నాను.