కొరమీన్ల తొట్టికి హీటరు

నాయనకు, అమ్మకు దణ్ణాలు పెట్టి మీ భారతి రాసేది. నీ మోకాలి నొప్పి తగ్గిందా నాయనా? అమ్మ వేళకు తింటోందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వీడియో కాల్‌లో నా చెంప మీద గీతలు చూసి అడిగావు కదా, తలుపు తగిలిందని అబద్ధం చెప్పాను. పక్కన అమ్మ ఉంది మరి. అందుకే రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు కొట్లాట సంగతి వదిలెయ్.

శ్రీ సిటీ నుంచి మా ఫ్యాక్టరీవాళ్లు నన్ను ఈ హర్యానాకు పంపినప్పుడు చలి ఉంటుందన్నారు గానీ ఇంత అనుకోలేదు. పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు వేళ్లను కొరుకుతాయి. మధ్యాహ్నం రొట్టె, రాత్రీ రొట్టె. జ్వరం పడి లేచానని తెలిసి, బలానికి మంచిదని నువ్వు మన ఊరి శివ చేత రైల్లో పంపిన రెండు కొరమీన్లనూ కోయబుద్ధి కాలేదు. మన చెరువు నుంచి ఇంతదూరం వచ్చినవి అవే కదా. గాజుతొట్టిలో వేసి, పైకి వచ్చి గాలి పీల్చుకునేందుకు నువ్వు చెప్పినట్టే బెత్తెడు ఖాళీ వదిలి, చల్లగాలి తగలకుండా గోనెపట్టా కప్పాను. చలి ముదిరాక అవి మేత మానేసి, అడుగున పక్కపక్కనే కదలకుండా పడుకున్నాయి. బతికే ఉన్నాయి. వాటిని చూసుకుంటూ నేనూ ఈ చలికాలం గట్టెక్కుతాననుకున్నాను.

నా గదిలో పలమనేరు సుజాత ఉంటుంది. ఇక్కడ మన మాట మాట్లాడేది అదొక్కతే. చేపల మీద జాలిపడి, మొన్న నేను డ్యూటీలో ఉండగా హీటరు తెచ్చి తొట్టి పక్కన పెట్టేసింది. నీళ్లు వెచ్చబడ్డాయి. చేపలకు కదలిక వచ్చింది, దాంతోపాటు ఆకలీ లేచింది. నేను వచ్చేసరికి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పెద్దది చిన్నదాని పొట్ట పట్టి చీలుస్తోంది, విదిలిస్తోంది, మళ్లీ పట్టుకుంటోంది. తోక పోయింది, ఒక పక్క రెక్క పోయింది. అయినా చిన్నది పైకి వచ్చి గాలి మింగుతోంది.

"సంపేసినావు కదే!" అని సుజాతను లాగి కొట్టాను. అది ఊరుకుంటుందా? నా జుట్టు పట్టుకుని గోడకేసి బాదింది.

"సలికి సచ్చిపోతాయని పెట్టినానక్కా! ఇట్ల కొరుక్కుంటాయని నాకేం తెలుసు?" అని ఏడుస్తూనే చెంప గీరేసింది. ఇద్దరం కిందపడి కుక్కల్లా కొట్టుకున్నాం.

తర్వాత చిన్నదాన్ని తీసి బాత్రూమ్ గచ్చు మీద పెట్టాను. సగం లేదు, నోరు మాత్రం తెరుస్తూనే ఉంది. నువ్వైతే ఒక్క దెబ్బతో ముగిస్తావు. చపాతీ కర్రతో నాకు మూడు దెబ్బలు పట్టాయి. మూడో దెబ్బకు అది జారిపోకుండా సుజాతే పట్టుకుంది. తన పెదవి చిట్లి ఇంకా రక్తం కారుతోంది.

"పెద్దదాన్ని కూడా సంపేద్దామా అక్కా?" అంది.

"దాని తప్పేముండాది? ఆకలైంది, తినింది. ముందు ఆ హీటరు తీసెయ్," అన్నాను.

ఇప్పుడు నీళ్లు మళ్లీ చల్లబడ్డాయి. పెద్దది అడుగున ఒక్కటే పడుకుంది, పక్కన చోటు వదిలి. సుజాతా నేనూ మాట్లాడుకుంటున్నాం, బెంగపడొద్దు. ఇకమీదట ప్రాణంతో ఉన్నది ఏదీ పంపొద్దు నాయనా. ఎండుచేపలు, కాస్త చింతపండు చాలు. పెదనాయనకు, అత్తకు నా దణ్ణాలు చెప్పు.

ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా నా చేతులకు నీచువాసన పోలేదు. చెరువు నుంచి వచ్చి నువ్వు నా తల నిమిరినప్పుడు వచ్చే వాసనే అది. ఆ రాత్రి చేతులు చెంప కింద పెట్టుకుని పడుకున్నాను. ఈ ఊరు వచ్చాక తెల్లారేదాకా నిద్రపోయింది ఆ ఒక్క రోజే.

మీ దీవెనలు అడుగుతూ,
మీ కూతురు
భారతి