పేషెంటు భర్త వేషం

శిక్షణ విభాగం అధికారి గారికి,

డాక్టర్లు మాట తీరు నేర్చుకునే మీ క్లాసులో పేషెంటు భర్త వేషం వేయమంటే మొన్న వచ్చాను. మా ఆవిడ మీ ఆస్పత్రిలోనే పోయింది కాబట్టి నాకు బాగా వస్తుందన్నారు.

నేర్చుకునేవాళ్ళలో ఒక కళ్ళజోడు డాక్టరుగారు కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "మీకిప్పటిదాకా ఏం చెప్పారండీ?" అంటూ మొదలుపెట్టి, భార్య పోయిందన్న సంగతి నెమ్మదిగా చెప్పారు. నేను ఏడుస్తుంటే మాట్లాడకుండా ఆగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాది నటన అనుకున్నారు.

ఆరు నెలల కిందట నిజంగా నాకా సంగతి చెప్పింది ఆయనే. "మీ పేషెంటు ఎక్స్‌పైర్ అయ్యారు, సిస్టర్ దగ్గర సంతకం పెట్టండి" అని లిఫ్టెక్కి వెళ్ళిపోయారు. నన్ను లోపలికి రానివ్వలేదు కాబట్టి చివర్లో ఆమె పక్కన ఉన్నదీ ఆయనే.

క్లాసయ్యాక ఆయన్ని ఆపి, "చివర్లో మా ఆవిడ నా గురించి అడిగిందా సార్?" అన్నాను.

ఆయన నవ్వి నా భుజం తట్టారు. "క్లాసు అయిపోయిందండీ. అద్భుతంగా చేశారు."

వచ్చే నెల క్లాసుకి నేను రాను. నేనడిగింది మాత్రం మీరైనా ఆయన్ని అడగండి. అడిగిందనో, అడగలేదనో ఒక్క ముక్క రాసి పంపితే చాలు.

ఇట్లు,
పదకొండో నంబరు మంచం పేషెంటు భర్త