మూడు రోజుల రంగు

నేను పుట్టి బుద్ధెరిగాక నా జోకులకు ఒక్కసారీ నవ్వని అక్కకి,

ముందుగా శుభవార్త. ఇంట్లో పోయిన దువ్వెన కూడా వెతకలేని నీ తమ్ముడు ఇప్పుడు అధికారికంగా ఒక కేసు పరిశోధిస్తున్నాడు. ఇన్నాళ్ళూ మా డిటెక్టివ్ ఆఫీసులో నా పని, ఎవరికో కాబోయే అల్లుళ్ళు సిగరెట్లు తాగుతారా లేదా అని బడ్డీకొట్ల దగ్గర నిలబడి చూడటం. ఆ దశ ముగిసింది. చరిత్ర మారింది.

ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాననుకోకు. కేసు సంగతులు ఫోన్లో మాట్లాడకూడదని మా పెద్దాయన శాసనం. "ఫోనుకి చెవులుంటాయిరా, కవరుకి ఉండేది జిగురే" అంటాడు. పెద్దాయనంటే మా యజమాని. నలభై ఏళ్ళుగా ఊరి గుట్లన్నీ కడుపులో దాచుకుని, అందుకే కాబోలు అవి అరగక పూటకో మాత్ర మింగుతుంటాడు. అక్కకి చెప్పొచ్చా అని నేను అడగలేదు. ఆయన వద్దనలేదు.

నిన్న ఒక నిర్మాత వచ్చాడు. మా ఆఫీసు దర్జీ కొట్టు పైన కదా, మెట్లెక్కి వచ్చేసరికి ఆయన ఖరీదైన చొక్కా నిండా దారప్పోగులు అంటుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి బల్లమీద వరసగా పెడుతూ చెప్పాడు.

"ఓ పిల్ల మా దర్శకుడి మీద బురద చల్లుతోందండీ. సినిమా సంఘానికి ఫిర్యాదిచ్చింది. మూడేళ్ళ కిందటి షూటింగులో ఈయన తనని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసి, చెయ్యి పట్టుకుని లాగాడట. విదిలించుకుని బయటపడిందట."

"సాక్ష్యం?" అన్నాడు పెద్దాయన.

"సినిమానే సాక్ష్యమంటోంది. ముంజేతి మీద వేళ్ళ గుర్తులు తెరమీదే ఉన్నాయట, చూసుకోమంటోంది. మరి మూడేళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుందా? ఆయన ఇంకో కొత్తమ్మాయిని తీసుకున్నాడని తెలిసి ఇప్పుడు గుర్తొచ్చిందట."

"మీకేం కావాలి?"

"అది అబద్ధమని కావాలి."

గమనించావా, నిజమో అబద్ధమో తేల్చమనలేదు. అయినా మనకెందుకు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చున్నావా? కూర్చో. ఆ సినిమా నువ్వు పనిచేసిన ఆఖరి సినిమా! ఆ పిల్ల అందులో హీరో చెల్లెలు. నువ్వు కంటిన్యుటీ చూసేదానివి కదా. ఏ షాట్లో ఎవరి బొత్తాం ఊడిందో, గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయో ఫొటో తీసి పుస్తకంలో ఎక్కించి, మర్నాటి షాట్లో అచ్చం అలాగే ఉండేలా చూడటం నీ ఉద్యోగం. చిన్నప్పుడు నేను కాజేసిన బిస్కట్లు ఎన్నో డబ్బా ఊపి చప్పుడుబట్టి చెప్పేసినదానివి, నీ కంటికి ఏం తప్పుతుంది? ఆ గుర్తు గురించి ఏమన్నా తెలిస్తే ఒక్క ముక్క రాయి. విచారణ వచ్చే గురువారం కాక పై గురువారం. సినిమాలు విసుగొచ్చాయని మానేసి, ఊరుకాని ఊళ్ళో కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుని జనం చేత గోడమీద అక్షరాలు చదివిస్తున్న నీకు ఆ మాత్రం తీరిక ఉండకపోదు.

ఇట్లు,
అపరాధ పరిశోధక శిఖామణి,
నీకు మాత్రం కోతి


జవాబివ్వకపోవడంలో డాక్టరేటు పుచ్చుకున్న అక్కకి,

నీ సాయం లేకుండానే కేసు తేల్చేశాను. మీసం ఉంటే మెలేసేవాణ్ణి.

సినిమా పదకొండుసార్లు చూశాను. నీ పేరు ఆఖర్న, చీమతలకాయంత అక్షరాల్లో, పదకొండుసార్లూ చూశాను. గుర్తు నిజంగానే ఉందక్కా. భోజనాల బల్ల దగ్గర పెద్ద గొడవ సీను. ఆ పిల్ల కూజా అందుకోబోతే చొక్కా చెయ్యి పైకి జారుతుంది, ముంజేతి మీద నాలుగు వేళ్ళ ముద్ర. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నట్టు, చూసినవాడెవడైనా నమ్మేస్తాడు. నేనూ ఒక పూట నమ్మాను.

అప్పుడు బుర్ర పనిచేసింది. నిర్మాణ ఆఫీసువాళ్ళ కాగితాల ప్రకారం ఆ సీను నాలుగు రోజులు తీశారు. నాలుగు రోజుల షాట్లలోనూ గుర్తు ఒకే రంగులో ఉంది! పరుగెత్తుకుంటూ మా వీధి డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"ఎవడు కొట్టాడ్రా నిన్ను?" అన్నాడు ఆశగా.

"ఎవరూ కొట్టలేదండీ, విజ్ఞానం కోసం అడుగుతున్నాను."

"కమిలిన చోటు ఎర్రగా మొదలై నీలంగా ముదిరి, ఆకుపచ్చకి తిరిగి, పసుపై పోతుంది. నాలుగు రోజులూ ఒకేలా ఉంటే అది దెబ్బ కాదు నాయనా, రంగు."

రంగు! మరి రంగు వేసినవాడెవడు? మేకప్ ఆయన్ని పట్టుకున్నాను. సినిమాలు మానేసి ఒక రేకుల షెడ్డులో నాటకాలవాళ్ళకి ముఖాలు దిద్దుతున్నాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడేమో అనుకుంటే, కుంచె కడుక్కుంటూ మామూలుగా చెప్పేశాడు.

"నేనే వేశాను బాబూ. ఊదా, ఎరుపు, కాస్త మసి. మూడు రోజులు వేశాను."

"నాలుగు కదండీ? సీను నాలుగు రోజులు తీశారు."

"మూడనే గుర్తు."

పెద్దవాడు, లెక్క తప్పి ఉంటాడు. వాంగ్మూలంలో నాలుగని రాశాను. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. "నువ్వే చదివి వినిపించు నాయనా" అన్నాడు. వినిపించాను. ఆ నాలుగు దగ్గర కాస్త గబగబా చదివానేమో. సంతకం పెట్టాడు. మూడైతేనేం నాలుగైతేనేం, రంగు రంగే కదా?

పెద్దాయన కాగితం చదివి, మాత్ర మింగకుండా నవ్వాడు. "పైకొస్తావురా" అన్నాడు. ఇప్పటికే మేడమీద ఉన్నాం, ఇంకా పైకంటే డాబాయే.

ఇట్లు,
సత్యాన్వేషి, సకల కళా కోతి


ఒరేయ్ కోతీ,

నీ రెండో ఉత్తరం ఇవాళ, శుక్రవారం అందింది. విచారణ నిన్ననే అయిపోయి ఉంటుంది. కొట్లోనే విప్పి చదివాను. పరీక్షకి కూర్చున్నావిడ "ఇంతకీ చదవమంటారా, వద్దా?" అని రెండుసార్లు అడిగిందట, నాకు వినబడలేదు.

ఆయన లెక్క తప్పలేదు. మూడు రోజులే. మొదటి రోజుది రంగు కాదు.

ఆ రోజు బల్ల దగ్గర అంతా సిద్ధంగా ఉన్నాం. దర్శకుడు ఆ అమ్మాయికి సీను చెబుతానని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళాడు. తలుపు మూసుకుంది. అందరం చూశాం. అందరం వేరే వైపు చూశాం. ఆలస్యమైతే ఎంతసేపో, ఎందుకో రాయడం నా పని కాబట్టి రాశాను. "పదకొండు నిమిషాలు. దర్శకుడు నటికి సీను వివరిస్తున్నారు." ఆ మాటలు నా చేత్తో రాసినవే. బయటికొచ్చి ఆ పిల్ల నేరుగా బల్ల దగ్గర నిలబడింది. కెమెరా తిరిగింది. కూజా అందుకోబోతే చొక్కా చెయ్యి జారింది. ఆయన "భలే ఉంది, ఉంచేద్దాం" అన్నాడు. నేను ఫొటో తీసుకున్నాను.

మర్నాటికి ఆ చోటు రంగు మారింది. నిన్నటిలా లేదని మొదట చూసింది నేనే. మేకప్ ఆయన్ని పిలిచి ఫొటో ఇచ్చి, ఆ కమిలిన చోటు మీదే రంగు వేయించాను. వేళ్ళ మధ్య ఎడం కొలిచి చెప్పాను. మూడు రోజులు, పొద్దున్నే. రెండో రోజు మేకప్ కుర్చీలో కూర్చుని ఆ పిల్ల నన్నడిగింది, "అక్కా, ఇది ఎన్నాళ్ళుంటుంది?" అని. "సీను అయిపోయేదాకా" అన్నాను.

ఇంకోటి కూడా విను. ఆఖరి రోజు దర్శకుడు అందరి ముందూ "కన్నంటే ఈ అమ్మాయిది" అన్నాడు. నేను మురిసిపోయానురా. ఇంటికెళ్ళేదాకా మురుస్తూనే ఉన్నాను.

హాల్లో సినిమా చూసినప్పుడు నా పక్క సీటావిడ "మేకప్ ఎంత సహజంగా ఉందో" అంది. ఆ మర్నాడు మానేశాను. విసుగొచ్చిందని మీకు చెప్పాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే ఇదంతా రాయాల్సింది. కాగితం తీశాను, మళ్ళీ లోపల పెట్టాను. అదీ నీకు తెలియాలి. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ రోజు పేజీకి, ఫొటోకి నకళ్ళు తీసి ఇందులో పెడుతున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం.

అక్క


అక్కా,

ఈసారి పైన బిరుదులేవీ తోచలేదు.

విచారణ ఎలా జరిగిందో ముందు చెప్పాలి. పొడుగాటి బల్ల, ఏడుగురు పెద్దమనుషులు, బిస్కట్ల పళ్ళెం. ఆ పిల్ల ఒక కొసన కూర్చుంది. గోడమీద సీను వేశారు. నా నివేదిక చదివారు. ఆమె ఒకే మాట అంది, "మొదటి రోజు రంగు లేదండీ" అని. "నాలుగు రోజులూ వేశానని ఆయనే సంతకం పెట్టాడు కదమ్మా" అన్నారు. ఆ నాలుగు నాదక్కా. బల్లకి అవతలి నుంచి ఎవరో "ఆ మేకప్‌కి అవార్డివ్వాల్సిందయ్యా" అన్నారు. అంతా నవ్వారు. నేనూ నవ్వాను. సరిగ్గా నేను వేసే రకం జోకే అది. ఆ పిల్ల ఎవరివైపూ చూడలేదు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని బొత్తాం పెట్టుకుంది. మణికట్టు దగ్గర బొత్తాం, పెట్టడానికి చాలాసేపు పట్టింది.

సోమవారం నీ ఉత్తరం అందింది. పెద్దాయనకి చూపించాను. చదివి, మడిచి, "నిజం కనిపెట్టడం మన పని కాదురా. అడిగింది కనిపెట్టడం మన పని. దీన్ని చింపెయ్, నీకు మంచిది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా బల్ల సొరుగు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి దిగొచ్చేశాను.

మేకప్ ఆయన "మూడని చెప్పాను కదా బాబూ" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

సంఘం కార్యదర్శికి నేనే అంకె మార్చానని రాసిచ్చాను. "నీ రాత తప్పని నువ్వే అంటున్నావు, మరి ఈ రాత మాత్రం నమ్మేదెట్లా?" అన్నాడు. నువ్వు పంపిన ఫొటో చూశాడు. "ఇలాంటివి ఎవరైనా పుట్టిస్తారు. అసలు పుస్తకంతో రాసినావిడే వస్తే మళ్ళీ వింటాం. వచ్చే సోమవారం, పదకొండింటికి. రాకపోతే ఇక తెరిచేది లేదు" అన్నాడు. ఆ దర్శకుడి కొత్త సినిమా మంగళవారం మొదలవుతోంది. కొత్తమ్మాయి ఫొటో వాళ్ళ ఆఫీసు గోడమీద పెట్టేశారు కూడా.

తర్వాత ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. తలుపు సగమే తీసింది. నేనెవరో చెప్పాను, ఏం చేశానో చెప్పాను. మొహాన తలుపు వేస్తుందనుకున్నాను. నీ పేజీ అందుకుని నిలబడే చదివింది.

"పదకొండు నిమిషాలు," అంది. "ఎంతసేపో నాకు ఇన్నాళ్ళూ తెలియదు."

  

పేజీ తిరిగిస్తూ అడిగింది, "మీ అక్క పంపిందా, వచ్చిందా?"

"పంపింది" అన్నాను.

"ఆవిడ రాత ముత్యాల్లా ఉంటుంది" అని తలుపు వేసుకుంది.

నిన్ను రమ్మనే మొహం నాకు లేదు. సోమవారం ఏడింటి బస్సుకి స్టాండులో ఉంటాను. నువ్వు దిగకపోతే నేనొక్కణ్ణే వెళ్ళి మళ్ళీ అదే చెబుతాను, నమ్మినా నమ్మకపోయినా.

నీ తమ్ముడు


ఒరేయ్,

ఏడింటి బస్సు కాదు, ఆరింటిది. ఆలస్యాలు రాసి రాసి విసిగిపోయాను.

పుస్తకం పోస్టులో పెట్టను, ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. అందులో ఆ పదకొండు నిమిషాల వాక్యం కింద ఇవాళ్టి తేదీ వేసి, ఆ రోజు నేను నిజంగా చూసింది రాశాను. పాతది కొట్టెయ్యలేదు. రెండూ చదవనీ. నా గురించి ఏమనుకుంటారో అనుకోనీ.

మేకప్ ఆయన్ని వెంటబెట్టుకురా. ఆయన కళ్ళజోడు నంబరు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఒకరోజు సెట్లో విరిగితే నేనే చేయించి తెచ్చాను. మూడేళ్ళలో కాస్త పెరిగే ఉంటుందని రెండు జతలు తెస్తున్నాను. ఈసారి కాగితం ఆయనే చదువుకుని సంతకం పెడతాడు. నువ్వు పక్కన నోరు మూసుకుని కూర్చో.

ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళు. తలుపు తియ్యకపోతే బయటి నుంచే చెప్పు. మా అక్క వస్తోందని.

అక్క