ముందే నలిపిన నోటు

డిసెంబర్ 27

పిల్లలకు కొత్త సంవత్సరం కానుకలివ్వడానికి బ్యాంకు నుంచి కొత్త నోట్లు తెచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి ఇంకేమైనా కావాలా అంది. పదివేల యెన్ల నోటు ఒకటి అదనంగా తీసుకున్నాను. ఎందుకో రాయడానికి చెయ్యి రావడం లేదు.

డిసెంబర్ 28

రాస్తాను. పక్కింటి ఎయికిచి గారికి న్యుమోనియా. డాక్టర్ ఆశ పెట్టుకోవద్దన్నాడట. ఎన్ని బ్యాంకు కార్డులొచ్చినా పెళ్లికీ చావుకీ ఆ ఇంటివాళ్లకిచ్చే కవరులో నోటే పెట్టాలి. సెలవుల్లో పోతే బ్యాంకు ఉండదు. అందుకే తెచ్చుకున్నాను. మనిషి ఇంకా ఊపిరి తీస్తుండగానే.

ఆయన భార్య ఫుమియో అక్క ఫోన్‌లో ఏడ్చింది. అందరూ వదిలేసుకున్నారు చెల్లీ, ఈయన బతుకుతాడని నమ్మేది నువ్వొక్కదానివే అంది.

డిసెంబర్ 30

చావు కవరులో కొత్త నోటు పెట్టకూడదు. ఎప్పుడు పోతాడా అని సిద్ధంగా కూర్చున్నట్టు ఉంటుంది. నలిపాను. మా ఆయన చూసి, ఏమిటే, ముల్లంగి ఊరగాయ పెడుతున్నావా, అలా పిసుకుతున్నావు అన్నారు. నోటును ఆసనం కింద పెట్టి, దానిమీదే కూర్చుని బుద్ధుడి నామం జపించాను.

జనవరి 2

ఎయికిచి గారు గంజి అడిగారట.

జనవరి 4

ఇంటికి వచ్చేశారు! సాయంత్రం ఎర్ర చిక్కుళ్ల అన్నం తినడానికి రమ్మంది అక్క. శుభానికి కొత్త నోటే ఇవ్వాలి. కొత్తవన్నీ పిల్లలకు ఇచ్చేశాను. బ్యాంకు సోమవారం దాకా మూత. మెషిన్‌లో ఏ నోటు వస్తుందో తెలియదు. ఆ నోటుమీదే తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేశాను. చచ్చిన నోటుకు ప్రాణం పోస్తున్నావా అన్నారు మా ఆయన.

ఎయికిచి గారు కవరు పట్టుకుని, వెచ్చగా ఉందే, ఇప్పుడే అచ్చు వేశావా అని నవ్వారు. అక్క నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. మొక్కిన ఈ చేతులే ఈయన్ని వెనక్కి తెచ్చాయి అంది.

అన్నం సగం మిగిల్చి ఇంటికి వచ్చేశాను.

జనవరి 6

బ్యాంకు తెరవగానే కొత్త నోటు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అంతా చెప్పేశాను. ఎయికిచి గారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. అయ్యయ్యో, బతికి నీ కష్టమంతా వృథా చేశానమ్మా, ఈసారి నలిపేముందు నన్నొక మాట అడుగు అన్నారు.

అక్క నవ్వలేదు. రెండు నోట్లూ నా ముందుకు జరిపి, టీ తెస్తానని లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు.

జనవరి 7

పొద్దున వీధి మలుపులో ఫుమియో అక్క నన్ను చూసింది. చెత్త సంచితో అలాగే ఇంటికి తిరిగి వెళ్లిపోయింది.