ముందు ఒక్క పళ్ల చక్రం చాలట!

ఆదివారం రాత్రి, ధవళేశ్వరం

కోపం ఇంకా దిగలేదు. మా ఆవిడ సుజాత బడికి వెళ్లి రావడానికి గేర్ల సైకిల్ కొందామని పొద్దున రాజమండ్రి వెళ్లాం. పెడల్ దగ్గర ఒక్క పళ్ల చక్రం ఉన్నదొకటి, మూడు ఉన్నదొకటి చూపించాడు షాపతను. తొక్కేది ఆమె, చూపించింది నాకు! సీటు ఎత్తు కూడా నన్నే అడిగాడు. నేనే చెప్పాను.

"మీ ఆవిడగారికి ఒక్కటి చాలండి. మూడైతే ఆడవాళ్లు కంగారు పడిపోతారండి" అన్నాడు. అండి అంటూనే ఎంత అవమానం! తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే మనిషికి గేర్లు అర్థం కావా? షాపు దద్దరిల్లేలా దులిపేసి, మూడు పళ్ల చక్రాలదే పట్టుకొచ్చాను.

సాయంత్రం ఏటిగట్టు ఎక్కుతూ సుజాత పెడల్ దగ్గరి గేరు మార్చింది. గొలుసు ఊడిపోయింది. చుడీదారంతా గ్రీజే.

"నేను ఒక్క చక్రందే తీసుకుందామనుకున్నానండి. గట్టెక్కడానికి వెనక గేర్లలో పెద్ద చక్రం సరిపోతుంది. మిగతా దారంతా చదునేగా" అంది.

"మరి అక్కడే చెప్పొచ్చుగా?"

"మీరిద్దరూ నా గురించి పోట్లాడుకుంటుంటే మధ్యలో నా మాట దూరేదెక్కడ?"

వాడు చూపించిన సైకిల్ సరైనదే కావచ్చు. చెప్పిన కారణం మాత్రం పచ్చి అహంకారం. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. రేపు మార్చడానికి వెళ్తే "నేను చెప్పలేదాండీ" అని నవ్వుతాడు. ఆ నవ్వుకి జవాబుగా ఇందాకటి నుంచి వాక్యాలు పేర్చుకుంటున్నాను.

"మీరు రావద్దు. ఆయనకి చెప్పాల్సింది నేనే చెబుతాను" అంది సుజాత.

ఏం చెబుతావంటే చెప్పదు. వాడి గురించేనా, నా గురించి కూడానా...