నాలుగంగుళాల అర

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ డైరీలో అచ్చేసిన తేదీలు పోయిన ఏడాదివి. సెట్ మీద ఎవరో పారేస్తే ఆయన తెచ్చారు. ఆ తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులు ఉంటాయి. చూసేవాళ్లెవరూ లేరు కదా.

ఆయన, అంటే మా జోజి, ఫిల్మ్ నగర్‌లో సెట్లు కట్టే కార్పెంటర్. పొద్దున ఏడింటికి వెళ్తారు. నేను నీళ్లు పట్టుకుని, వంట చేసుకుని, బట్టలు ఉతుక్కుని నాలుగింటికి కొండ దిగుతాను. మలుపులో లైబ్రరీ ఉంది. ఇది ఎవరి దగ్గరా దాచలేదు. పేపర్ చదవడానికి వెళ్తున్నాననుకుని ఆయన నన్ను కలెక్టరమ్మా అని ఏడిపిస్తారు.

పేపర్ కాదు. వెనక గదిలో అద్దాల బీరువా ఉంది. అందులో ముప్పై నాలుగు బైండు పుస్తకాలు. ఒకప్పుడు ఆడవాళ్లు వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం తీసి దాచుకుని, నల్లగుడ్డ అట్ట వేయించుకున్నవి. వెనక వీపుకు ఎర్ర తోలు. వాళ్లో వాళ్ల కోడళ్లో తెచ్చి ఇక్కడ ఇచ్చారు. ఈ కథలు విడిగా పుస్తకాలుగా రాలేదట. ఈ ఒక్కొక్క కాపీయే. వాటికి రిజిస్టర్‌లో నంబర్ లేదు కాబట్టి ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని చదవాలి.

నేను చదివేది టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసే శ్యామల కథ. మొత్తం ముప్పై రెండు వారాలు. ఒక్కో భాగాన్ని నేను వారం అంటాను. ఇప్పుడు పదహారో వారం. శ్యామల లైన్ కలుపుతూ, ఒక మనిషిని చంపాలని ఇద్దరు మాట్లాడుకోవడం వింది. విన్నది బయట చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మనిషి పోతాడు.

వేలు పెట్టుకుని చదువుతాను. వత్తులు వచ్చినచోట ఆగుతాను. లైబ్రేరియన్ శారదాదేవి మేడమ్ నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదు. ఇంతవరకు నేను ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు. ఇది చదువుతాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

పదిహేడో వారం అయింది. శ్యామల ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

బీరువా ఖాళీగా ఉంది.

అద్దం తలుపు తీసే ఉంది. అరల మీద పుస్తకాలు ఉన్న మేర దుమ్ము లేదు. ఎవరో చనిపోయిన ఇంట్లో మంచం చూసినట్టు అనిపించింది. మేడమ్ ముఖం మాత్రం వెలిగిపోతోంది. సినిమావాళ్లు వచ్చి తీసుకుపోయిండ్రమ్మా తెరెసా, వకీలు ఇల్లు సెట్ వేస్తున్నరట, లా పుస్తకాల లెక్క ఉన్నయని అన్నీ పట్టుకపోయిండ్రు, మన బీరువా సినిమాల కనిపిస్తది చూడు అన్నారు. ఉదయశ్రీ అనే అమ్మాయి వచ్చిందట. అసిస్టెంట్ ఆర్ట్ డైరెక్టర్. ఎంతో మర్యాదగా మాట్లాడిందట. పది, పదిహేను రోజుల్లో వచ్చేస్తాయి, అప్పటిదాకా వేరేది చదువుకో అన్నారు.

వేరేది ఇచ్చారు. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క ఎక్కలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం, రాత్రి ఎనిమిది

లైబ్రరీకి సెలవు. వెళ్లలేదు.

అన్నం తింటూ ఆయన నవ్వుకుంటున్నారు. ఏంటని అడిగాను. వకీలు గదికి సెట్ గోడ లేపామే, అందులో పుస్తకాల అర లోతు నాలుగంగుళాలే, పుస్తకాలేమో ఎనిమిది అంగుళాలు వచ్చాయి అన్నారు. భిక్షం మేస్త్రీ చూసి, గోడ జరుపుడెందుకురా, పుస్తకాలనే కొయ్యి, కెమెరాకు వీపులే కనిపిస్తయి, కడుపుల ఏమున్నదో ఎవడు చూస్తడు అన్నాడట. సోమవారం కటింగ్ మెషిన్ మీద పెట్టి నిలువుగా సగానికి కోసేస్తారట. వెనక తోలున్న సగం అరలో అతికిస్తారట. రెండో సగం చెత్త.

అట్టలు ఏ రంగు అని అడిగాను.

నలుపు, వెనక ఎర్రతోలు, భలే ఉన్నాయిలే, నీకెందుకు అన్నారు.

ఆయనకు మళ్లీ చారు పోశాను. కంచం నిండి కింద ఒలికింది. చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 7, శనివారం

పొద్దున చెప్పాను. అవి లైబ్రరీవి, తిరిగి ఇవ్వాల్సినవి అన్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయారు. కొంచెంసేపు నిజంగానే ఆలోచించారు. తర్వాత, చూడు తెరెసా, కొలత చెప్తే కోసేవాళ్లం మేము, అది ఎవరిదని అడిగేవాళ్లం కాదు అన్నారు. భిక్షం మేస్త్రీ వెంట ఉండబట్టే యూనియన్ కార్డు వచ్చింది, ఎనిమిది నెలలు కూడా కాలేదు, నాతో మాత్రం చెప్పించకు అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

పది గంటలకే లైబ్రరీకి పరుగెత్తాను. మేడమ్‌కు చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడ్డారు. ఉదయశ్రీకి ఫోన్ చేశారు, ఎత్తలేదు. నాలుగుసార్లు చేశారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇవి రిజిస్టర్‌ల లేనివే బిడ్డా, తీస్కపో అని మేడమ్ అన్నారట. కాగితాలూ సంతకాలూ అక్కర్లేదు, నమ్మి ఇస్తున్నాను అని ఆమె ఉద్దేశం. రిజిస్టర్‌లో లేవంటే ఎవరివీ కావు, పాతసామాను అని ఆ అమ్మాయి అనుకుని ఉంటుంది.

పై ఆఫీసుకు చెప్పండి మేడమ్ అన్నాను. ఏమని చెప్పాలమ్మా, లేని పుస్తకాలు పోయినయని చెప్పాల్నా, ఉన్నయని చెప్తే ఎవరినడిగి ఇచ్చినవంటరు, రిటైర్మెంటు ఏడాది కూడా లేదు నాకు అన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

ఆయన చెప్పలేరు. మేడమ్ చెప్పలేరు. మిగిలింది నేను. నేను కిరాణా కొట్టులో చిల్లర తక్కువిచ్చినా అడగను.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చిలో పూజకు వెళ్లొచ్చాం. ఫాదర్ ఏం చెప్పారో వినలేదు.

మధ్యాహ్నం ఆయన మాంసం ముక్కలు నములుతుండగా అడిగాను. నిజం పుస్తకాలు దొరకకపోతే ఏం చేస్తారండీ అని. మామూలుగా, ఊసుపోక అడిగినట్టు అడిగాను. పని సంగతి అడిగితే ఆయనకు ఇష్టం. హాఫ్ రౌండ్ బీడింగ్, అంటే ఒక పక్క గుండ్రంగా ఉండే చెక్కపట్టీ, ముక్కలు కోసి, తోలులా కనిపించే రెక్సిన్ చుట్టి, గీతలు పెట్టి వరసగా అంటిస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు అన్నారు. ఎంతసేపు పడుతుంది అన్నాను. ఇద్దరం కూర్చుంటే రెండు రోజులు అన్నారు. అని, నా వైపు చూశారు. ముద్ద చేతిలోనే ఉంది. షూటింగ్ బుధవారం తెరెసా, అన్నారు.

ఫిబ్రవరి 9, సోమవారం, ఉదయం ఏడు

ఆయన వెళ్లారు. టిఫిన్ డబ్బా మర్చిపోయారు.

మర్చిపోలేదు. నేనే సంచిలో పెట్టలేదు.

అదే రోజు, సాయంత్రం నాలుగు

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పనిచోటికి ఇంటి ఆడవాళ్లు వెళ్లరు. నేను ఎప్పుడూ వెళ్లలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. డబ్బా పైకెత్తి చూపించాను. కార్పెంటర్ జోజి అన్నాను. మూడుసార్లు అడిగాడు వినపడక. లోపలికి పోతుంటేనే మెషిన్ చప్పుడు వినిపించింది. కోసే చప్పుడు చెక్కకు వేరు, కాగితానికి వేరు. ఆయన ఇంటి ముందు చెక్క కోస్తుంటే విన్నాను కాబట్టి నాకు తెలుసు. ఇది చెక్క చప్పుడు కాదు.

పెద్ద రేకుల షెడ్డు. మధ్యలో వకీలుగారి గది, మూడు గోడలతో. గాలి నిండా తెల్లటి పొడి. మా ఆయనే మెషిన్ దగ్గర ఉన్నారు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నారు. కోసినవి ఒక పక్క, కోయనివి ఒక పక్క. కోసినవి లెక్కపెట్టాను. పది. పదకొండోది మెషిన్ మీద ఉంది.

ఆపండి అన్నాను. మెషిన్ చప్పుడులో నాకే వినపడలేదు. పదకొండోది రెండయింది.

అప్పుడు నా కాళ్లే వెళ్లాయి. వెళ్లి కోయని పుస్తకాల దొంతి మీద కూర్చున్నాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని.

మెషిన్ ఆగింది. షెడ్డులో ఉన్న ప్రతివాళ్లూ నన్ను చూశారు. భిక్షం మేస్త్రీ వచ్చాడు. ఎవలమ్మా నువ్వు, గీడ కూసున్నవేంది, లే లే అన్నాడు. లేవలేదు. జోజీ, నీ పెండ్లామా, బువ్వ తెచ్చిందా, బువ్వ తినేటందుకు కుర్సీ లేదా అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కర్చీఫ్ కిందకు లాగారు. ముఖంలో సగం తెల్లగా ఉంది, సగం మామూలుగా ఉంది. తెరెసా, ఇంటికి పో అన్నారు. తల అడ్డంగా ఊపాను. మెడ నొప్పి పుట్టేదాకా ఊపాను అనుకుంటా.

ఎవరో వెళ్లి ఉదయశ్రీని పిలుచుకొచ్చారు. నాకంటే చిన్నది. చెవిలో ఫోన్ వైర్, చేతిలో పెద్ద కాగితాలు. ఏంటండీ ప్రాబ్లెమ్, ఎల్లుండి ఫస్ట్ షాట్ ఇక్కడే, ప్లీజ్ అంది. విసుగ్గానే అంది గానీ అండీ అంది. అదొక్కటే పట్టుకున్నాను.

కింద నుంచి చేతికి అందిన పుస్తకం లాగి, మొదటి కాగితం తీసి ఆమెకు పట్టాను. సిరాతో రాసి ఉంది. కుమారి బాలమణి, యూసుఫ్‌గూడ. చదివినవారు తిరిగి ఇవ్వవలెను. ఆమె చదవలేదు, తెలుగు చదవడం స్లో అంది. అప్పుడు నేను చదివాను. పైకి. వత్తుల దగ్గర ఆగుతూ. ఇవి వకీలు పుస్తకాలు కావండీ, ఆడవాళ్లు దాచుకున్న కథలు, ఇంకెక్కడా లేవు, చదువుకున్నవారని మేడమ్ మిమ్మల్ని నమ్మి ఇచ్చారు అన్నాను. అంత పొడుగు మాట నా జన్మలో కొత్తవాళ్లతో అనలేదు.

ఆమె పుస్తకం తిప్పింది. ఇంకోటి తీసి తిప్పింది. ఓ గాడ్ అంది. రిజిస్టర్‌లో లేవు అన్నారావిడ, స్క్రాప్ అనుకున్నాను, నేను ఒక్కటి కూడా తెరవలేదు అంది. కోసిన పదకొండు వైపు చూసి వెంటనే కళ్లు తిప్పేసుకుంది. తర్వాత అడిగింది. ఎల్లుండి తొమ్మిదింటికి షాట్, ఆ అరల్లో నేనేం పెట్టాలి చెప్పండి అంది.

నాకు జవాబు తెలుసు. అది ఆయనది. నేను చెప్తే ఆయన చెప్పించినట్టే అవుతుంది. ఆయన వైపు చూశాను. నేల చూస్తున్నారు.

హాఫ్ రౌండ్ బీడింగ్, రెక్సిన్ అన్నాను.

భిక్షం మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు. మంచిగున్నది, మొగుడు పెండ్లాలు కలిసి నాకు సెట్ నేర్పిస్తున్నరు, రేపటికెల్లి చీర కట్టుకుని నేను బువ్వ తెస్త, నువ్వు మేస్త్రీ పని చెయ్యి తల్లీ అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉదయశ్రీ మా ఆయన్ని అడిగింది. ఎల్లుండి పొద్దునకి అవుతుందా అని.

ఆయన వెళ్లి అరలు లెక్కపెట్టి వచ్చారు. ఆ కాసేపట్లో నేను పెళ్లయిన దగ్గర్నుంచి జరిగిందంతా ఒకసారి చూసుకున్నాను.

అవుతుంది మేడమ్ అన్నారు. అని, మెషిన్ ప్లగ్ పీకేశారు.

ఇరవై మూడు మిగిలాయి. వచ్చేటప్పుడు కోసిన వాటివైపు చూడకూడదనుకున్నాను. చూశాను. పైనున్న సగం కాగితం మీద బొమ్మ ఉంది. చెవికి టెలిఫోన్ పెట్టుకున్న అమ్మాయి. సగం ముఖం.

ఫిబ్రవరి 11, బుధవారం

రెండు రోజులు ఆయన పడుకోలేదు. షాట్ అయిపోయిందట. చెక్క పుస్తకాలని ఎవరూ కనిపెట్టలేదట.

భిక్షం మేస్త్రీ, తర్వాతి పిక్చర్‌కి నువ్వు రాకు జోజీ, అవసరమైతే ఫోన్ చేస్త అన్నాడట. యూనియన్ కార్డు వెనక్కి తీసుకోలేదు. ఫోన్ చేయడని ఇద్దరికీ తెలుసు.

ఆయన స్నానం చేసి వచ్చి, ఆ రోజు డబ్బా నేను మర్చిపోలేదు కదూ అన్నారు. లేదన్నాను. అనుకున్నాను అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఫిబ్రవరి 14, శనివారం

మాట్లాడడం లేదు. ఉప్పు, నీళ్లు, తలుపు. అంతే.

పొద్దునే సుత్తి, రంపం సంచి భుజాన వేసుకుని వెళ్తున్నారు. రహమత్ నగర్‌లో ఎవరిదో తలుపు బిగించారట. ఇవాళ పని దొరకలేదు. నా వల్లే. ఆ పని చేసినందుకు మాత్రం బాధ లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఉదయశ్రీ ఆటోలో పుస్తకాలు తెచ్చింది. మేడమ్ ముందు చాలాసేపు నిలబడింది. మేడమ్ ఆమెను తిట్టలేదు. నా మాటల కూడా తప్పున్నది బిడ్డా అన్నారు. కొత్త రిజిస్టర్ తెరిచి ఇరవై మూడింటికీ నంబర్లు వేశారు. పేర్లు నన్ను చదవమన్నారు.

పదకొండు సగాల్ని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. వెనక తోలున్న సగాలు మాత్రమే వచ్చాయి. రెండో సగాలు చెత్తలో పోయాయి అనుకున్నాం.

ఇంటికి వచ్చేసరికి మంచం కింద సిమెంట్ బస్తా ఉంది. మూతి కట్టి ఉంది. విప్పితే రంపపు పొట్టు, దాని కింద కాగితాలు. ఏ పుస్తకానివి ఆ పుస్తకానికి విడిగా సుతిలి తాడుతో కట్టి ఉన్నాయి. పదకొండు కట్టలు. ఆ సోమవారమే చెత్తలో పడకుండా ఆయన తీసి ఉంచినట్టున్నారు. ఎనిమిది రోజులు ఎక్కడ దాచారో, ఎందుకు చెప్పలేదో అడగలేదు.

ఫిబ్రవరి 18, విభూతి బుధవారం

చర్చిలో నుదుట విభూతి పెట్టించుకుని పక్కపక్కనే నిలబడ్డాం. బస్తా ఎలా మోస్తావు, రేపు లైబ్రరీకి నేను వస్తాలే అన్నారు.

ఫిబ్రవరి 19, గురువారం, నాలుగున్నర

శ్యామల కథ, పద్దెనిమిదో వారం. ఎడమ సగం ఆయన పట్టుకున్నారు, కుడి సగం నేను. కాగితాలు ఎగురుతాయని మేడమ్ ఫ్యాన్ ఆపారు. వరుస వరుసకూ మధ్యలో ఒక అక్షరం మెషిన్ తినేసింది. అది నేను వేసుకుంటూ పైకి చదివాను. కదలకండి అన్నాను. ఆయన కదల్లేదు. పేజీ అయిపోయినా కదల్లేదు.

చెప్పిందా మరి, అన్నారు.

తిప్పండి అన్నాను.