ఊపిరి కన్నం

ప్రియమైన సూదికి,

క్షేమంగా చేరాను. నువ్వు నమ్మవు గానీ, కిటికీ తెరిస్తే ఎదురుగా కొండలే. పొద్దున ఎండ తగిలితే మంచు మొత్తం గులాబీ రంగుకి తిరుగుతుంది. రోప్‌వే డబ్బాల్లో వచ్చే యాత్రికులు నోళ్లు తెరుచుకుని చూస్తుంటారు, వాళ్ల నెత్తిమీద వేలాడుతూ నేను చక్రాలకి గ్రీజు పూస్తుంటాను. మన ఊరూ ఒక ఊరేనా? ఎండంటే ఎండ కాదు, చలంటే చలి కాదు, వాన కూడా మొహమాటానికి పడుతుంది.

గదిలో నాతో పాటు ఇక్కడి వంటాయన ఉంటాడు. కింద లోయలో మనిషి, యాభై దాటిన భారీ శాల్తీ. నీ ఫొటో చూసి "ఈమె నాకు చెల్లెలు, కాబట్టి నువ్వు నాకు బావవి" అని తేల్చేశాడు. ఇప్పుడు ఇద్దరం బావా బావా అనుకుంటున్నాం.

ఒక్కటే బాధ. నా మంచం పైన గోడలో గుండ్రటి కన్నం ఉంది. ఏ తాగుబోతు మేస్త్రీ వదిలేశాడో! కుంపటి ఎంత రాజేసినా అందులోంచి గాలి వచ్చి ఎముకలు కొరుకుతోంది. బావ వంటింట్లో ఉన్నప్పుడు దారంతో కొలిచాను. ముడి వేసిన దారం ఇందులో ఉంది. దీనికి సరిపడా ఏదైనా కుట్టి పంపవూ?

నీ పానా

*

ప్రియమైన పానాదొరకి,

మీ కొండల్ని పక్కింటి టీచరమ్మకి చదివి వినిపించాను. ఆవిడ నిట్టూర్చి, "నేనెప్పటికి చూసేను" అంది. ఇక్కడి సంగతులు రాయమన్నారు. ఏం రాయను? ఈరోజు నిన్నటిలాగే ఉంది, రేపూ ఇలాగే ఉండేట్టుంది. మన కిటికీ రెక్కలు మూసి ఎన్నేళ్లయిందో, తెరిచినవి తెరిచినట్టే మడతబందులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. గాలి ఎటు వస్తుందో ఎటు పోతుందో మనమెప్పుడైనా పట్టించుకున్నామా? అందుకే మీరు పొగరెక్కి అక్కడికి పోయారు.

చొక్కాల పని పక్కన పెట్టి మీ కన్నానికి మెత్త కుట్టాను. రెండు పొరల దూది. ముందువైపు ఎర్రదారంతో చిన్న పువ్వు వేశాను, పడుకుంటే కనబడేలా. వంటన్నయ్యకి నమస్కారాలు చెప్పండి.

మీ సూది

*

ప్రియమైన సూదికి,

మెత్త అందింది. బావ దాన్ని చెంపకి ఆనించుకుని, పువ్వుని వేలితో తడిమాడు. తర్వాత "నా చెల్లెలి చెయ్యి బంగారం" అన్నాడు. చలిదేశంలో పుట్టి ఇన్నాళ్లూ ఆ కన్నం ఎందుకు మూసుకోలేదయ్యా అంటే నవ్వేసి ఊరుకున్నాడు. బద్ధకం, ఇంకేముంది!

కానీ నీ మెత్త నిలవటం లేదు. నేను డ్యూటీకి పోతూ బిగించి వెళ్తాను. బావ నాకంటే ముందే వచ్చి కుంపటి రాజేస్తాడు. నేను చీకట్లో వచ్చి పడి నిద్రపోతాను, తెల్లారి చూస్తే మెత్త కింద పడి ఉంటుంది. రోజూ ఇదే వరస. ఇంకొంచెం లావుగా కుట్టు. చివర్లో రెండు ముక్కలు తనూ రాస్తానని బావ గొడవ చేస్తున్నాడు.

నీ పానా

చెల్లెమ్మా, మీ ఆయన మంచివాడే గానీ గురకతో కొండలు కదిలిస్తున్నాడు. ఈ పని నుంచి దిగిపోయాక మీ ఊరొచ్చి, చొక్కా గుండీలు విప్పుకుని ఒక నెల్లాళ్లు మీ వీధి అరుగు మీద కూర్చుంటాను. మా ఇంటి చిరునామా కింద రాస్తున్నా. మీ వదినా, ఇద్దరు ఆడపిల్లలూ ఉంటారు. ఉత్తరం రాస్తూ ఉండు.

*

ప్రియమైన పానాదొరకి,

నా కుట్టు ఊడిపడటమా? దుకాణం పెట్టి పదకొండేళ్లయింది, ఇంతవరకు ఒక్క గుండీ ఊడిందన్న మాట పడలేదు. కొత్తది పంపుతున్నాను. నాలుగు పొరలు, అంచుకి తోలు. ఈసారి సుత్తితో కొడితే గాని దిగదు, దిగితే ఇక రాదు. అప్పుడు చెప్పండి ఎవరి చెయ్యి బంగారమో.

మీ సూది

*

ప్రియమైన సూదికి,

చాలా రోజులు రాయలేకపోయాను, పని ఎక్కువైంది. బావ ఇంటికి వెళ్లిపోయాడు. గదిలో నేనొక్కడినే. ఇకమీదట మెత్తలవీ కుట్టకు, అవసరం లేదు. మంచు పడుతూనే ఉంది, చూసి చూసి విసుగొచ్చింది. మన ఊళ్లో ఈపాటికి నువ్వు గుమ్మం తీసిపెట్టి మిషన్ తొక్కుతూ ఉంటావు.

నీ పానా

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మీరు రాసినట్టు లేదు. ఒంట్లో బాగాలేదా? నామీద కోపమా? అన్నయ్య అంత హఠాత్తుగా ఎందుకు వెళ్లిపోయాడు? నాకొక్క ముక్కైనా రాయకుండా వెళ్లే మనిషి కాడే!

మీరు వద్దన్నారు గానీ, మీ ఉత్తరం వచ్చేలోపే వదిన పేర పార్సిల్ వేసేశాను. లోయలోనూ చలేగా, వాళ్ల గోడల్లోనూ కన్నాలుంటాయిగా. మీ కొలతకే రెండు లావు మెత్తలు కుట్టాను, పిల్లల పడకగదికి ఒకటి. అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఆయనే బిగిస్తాడు. వెంటనే జవాబు రాయండి, మనసు మనసులో లేదు.

మీ సూది

*

సూదీ,

బావ చనిపోయాడు. నీకు అబద్ధం రాశాను.

ఆరోజు ఆయనకి జ్వరం. నన్ను పై స్టేషనుకి పొమ్మన్నారు. చలిగాలి తగలకూడదని నీ కొత్త మెత్తని కన్నంలోకి కొట్టి, మళ్లీ ఊడకుండా చెక్కపట్టీ అడ్డంపెట్టి నాలుగు మేకులు దిగేశాను. కుంపటి నిండా బొగ్గులు పోసి, దుప్పటి కప్పి, తలుపు బిగించి వెళ్లాను. అప్పటికి ఆయన మగత నిద్రలో ఉన్నాడు. తుఫాను పట్టుకుని రెండు రోజులు పైనే చిక్కుకుపోయాను. తిరిగొచ్చి తలుపు తీస్తే, నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

దాన్ని ఇక్కడ ఊపిరి కన్నం అంటారట. అది మూసేస్తే కుంపటి గాలి వాసన లేకుండా మనిషిని చంపేస్తుందట. తర్వాత మా పైఅధికారి చెప్పాడు. కన్నం మంచుతో మూసుకుపోయిందని ఆయన రిపోర్టు రాశాడు. ఎందుకంటే, ఎవరినీ పిలవకముందే నేను పట్టీ పీకి, మెత్త కోటులో దాచేశాను.

ప్రాణం తీసింది నీ చేతి కుట్టేనని నీకు తెలియకూడదనుకున్నాను. అంతకంటే నాకు భయమేసింది, అదే నిజం. ఇప్పుడు ఆ పార్సిల్! పిల్లల గదికంటున్నావే! విప్పొద్దని మీ వదినకి రెండు ముక్కలు రాసి పడేశాను. ఎందుకో రాయలేదు. సగం రోజు ప్రయాణం, వెళ్లి చెప్పొచ్చు. రెండుసార్లు బయల్దేరి బస్సు దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కను?

పానా

*

ఏమండీ,

ఇది వదిన ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మీ ఉత్తరం చదివాక నిలవలేకపోయాను. ఉన్న చీరలన్నీ ఒకదానిమీద ఒకటి కట్టుకుని రెండు రైళ్లు, ఒక బస్సు మారి వచ్చాను. ఇక్కడి గాలి పీలిస్తే గొంతులో గీరుకుంటోంది. దారిపొడుగునా ఒక్కటే ఆలోచన, పిల్లలు ఉన్నారా, లేరా అని.

ఉన్నారు. పార్సిల్ విప్పే ఉంది, మెత్తలు బల్లమీద ఉన్నాయి. ఇక్కడ ఎవరూ ఆ తప్పు చెయ్యరట. చిన్నపిల్ల రోజూ కుంపటి రాజేసే ముందు పీట ఎక్కి కన్నంలో చెయ్యి పెట్టి, గాలి వస్తోందో లేదో చూస్తుంది. అక్షరాల కంటే ముందు అది నేర్పుతారట. మనకి ఎవరూ నేర్పలేదు. మన ఊళ్లో గాలి ఊరికే వస్తుంది కదా, ఇంకెక్కడైనా అలాగే వస్తుందనుకున్నాం.

వదిన నన్ను చూడగానే "చెల్లెమ్మవి నువ్వేనా" అని లోపలికి తీసుకెళ్లి, అన్నయ్య ఆఖరి ఉత్తరం చేతిలో పెట్టింది. చదవండి: "పాపం, ఆ పిల్ల అంత ముచ్చటగా కుట్టి పంపింది. కన్నం మూయకూడదని చెప్తే బావ చిన్నబుచ్చుకుంటాడు. అందుకే కుంపటి రాజేసేటప్పుడు తీసి కింద పెట్టేస్తున్నాను. ఊడిపడిందనుకుని రోజూ పొద్దున్నే మళ్లీ పెడుతున్నాడు పిచ్చినాయన."

ఊడిపడలేదండీ. ఆయన తీసేవాడు. నేనేమో నాలుగు పొరలు వేశాను.

వదిన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టేదంతా ఆయన్నే. రిపోర్టులో మంచు అని ఉన్నా నమ్మలేదు, మెత్త తీయలేదనే అనుకుంటోంది. బల్లమీది మెత్త చూసినప్పుడల్లా "అన్నీ తెలిసిన మనిషివి, ఒక్కరోజు తీయడం మర్చిపోయావా, మమ్మల్నీ మర్చిపోయావా" అంటూ తల బాదుకుంటోంది. పెద్దపిల్ల అయితే నాన్న పేరెత్తితే చాలు, అక్కడినుంచి లేచిపోతోంది. తండ్రి మీద అసహ్యం పెంచుకుంటోంది.

ఆయన మర్చిపోలేదు. మంచంలోంచి లేచి తీద్దామన్నా మీ మేకులు రానిచ్చేవి కావు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మీకోసం మింగానని అనుకోకండి. అది నేను చెబితే చాడీ అవుతుంది. మీరు చెబితేనే ఆ పిల్లకి తండ్రి దక్కుతాడు.

మన ఇంటికి వెళ్లకండి. తలుపుకి తాళం వేసి వచ్చాను, తాళంచెవి నా దగ్గరే ఉంది. తిన్నగా ఇక్కడికి రండి. మీరొచ్చేదాకా నేను ఇక్కడినుంచి కదలను.

మీ సూది